బొటనవేలు

ఎప్పుడన్న లోపలికి దిగిండ్రా? అని అడిగింది తబస్సుమ్.
రోజూ దిగుత, అన్న నేను.
నవ్వింది. నీళ్ళల్లకు, అన్నది.

లక్నవరం. ప్లేడేకు ఇంకో సెలవు కలిపితే రెండు రోజులు.
ఊగే వంతెన మీద శకుంతల, పిల్లలు, కాయితంల మక్కగారెలు.
నేనేమో ఒడ్డున నల్లరబ్బరు తోలు తొడుక్కొని
కడుపునిండ గుడ్లున్న కొర్రమీను లెక్క నిలబడ్డ.

భూపాలపల్లి ఇంక్లైన్ల ఇరవై రెండేండ్లు నావి.
దీపం నెత్తికి, బ్యాటరీ నడుముకు,
గాలి ఆగితే పీల్చే డబ్బా ఇంకో పక్కకు.
ఈ పిల్ల సిలిండర్ తెచ్చి వీపుకు కట్టంగనే
బరువు నన్ను గుర్తుపట్టింది.
సీసం బిళ్ళల బెల్టు గూడ బిగించింది.
ఇదెందుకమ్మా?
మునగనీకి.
పైసలిచ్చి మునుగుడు!
మా సర్దార్ వింటే మస్టర్ పడనియ్యడు.

మొదటి మాట: ఊపిరి బిగబట్టొద్దు. ఏమైనా సరే.
పీల్చు, వదులు. భయమైతే ఇంక మెల్లగ వదులు.
రెండో మాట: కింద నోరు లేదు, చెయ్యే నోరు.
రెండు వేళ్ళు కలిపి సున్న చుడితే మంచిగున్న అని.
బొటనవేలు లేపితే పైకి పోదాం అని.
తలూపిన.
ఇన్నదెవడు?

తల ముంచంగనే బుస్సుమని నా ఊపిరి నాకే వినొచ్చింది,
పాత వెంటిలేషన్ ఫ్యాను తిరిగినట్టు.
గోంగూర ఉడికిన రంగు నీళ్ళు.
చెయ్యి చాపితే మోచెయ్యి దాక నాది, ఆవల ఎవనిదో.
ఆమె అద్దంల నుంచి కండ్లు పెద్దగ చేసి అడిగింది.
మస్తున్నదని బొటనవేలు లేపిన.
సంక కింద చెయ్యేసి పైకి తీస్కపోయింది.
ఏమైందన్నా?
ఏంగాలె, మంచిగుంది!
మల్ల దిగినం.
ఒక పరికపిల్ల నా ముక్కు ముంగట ఆగి
నన్నే చూసింది. సంబరమైంది. వేలు లేసింది.
మల్ల పైకి.
మూడోపారి ఆమె ఏమనలె.
నా బొటనవేలిని తన గుప్పిట్ల పట్టుకొని మడిచింది,
బడికి కొత్తగ వచ్చినోనికి బలపం పట్టిచ్చినట్టు.

ఇరవై అడుగులట. మోకాళ్ళు బురదల ఆనినయి.
నాకు తెల్సిన చీకటే, కాకుంటే మెత్తది.
పైకి చూసిన. కప్పు లేదు.
భయమైంది అప్పుడే, నిజం చెప్తున్న.
కప్పు లేని లోపల ఎట్లుండాలె మనిషి?

మా కాడ కప్పు మాట్లాడుతది.
ఎక్కడో దిమ్మె టిక్కుమంటది, అందరం ఊపిరి బిగబడ్తం.
అయిలి కొమురయ్యైతే దవడల తంబాకు గూడ కదల్చడు.
చెవి ఒక్కటే మనిషంత అయితది.
ఏం గాలేదని తెల్సినంక పనిల పడ్తం గని
ఆ బిగబట్టిన ఊపిరి పూరాగ వదిలిన్నమా లేదా
ఎన్నడన్న లెక్క చూసుకున్నమా?

ఈడ కూసున్న, బురదల.
లోపటి నుంచి బుడగలు పోవట్టినయి,
బఠానీలంతయి, పైకి పొయ్యేకొద్ది పళ్ళెమంతయి,
ఒకదాని వెనక ఒకటి, ఎన్నున్నయో.
ఏ సంవత్సరంవి ఉన్నయో.
తబస్సుమ్ సున్న చుట్టి అడిగింది.
సున్న చుట్టి చెప్పిన.

ఒడ్డుకొచ్చినంక చిన్నోడు ఉరికొచ్చిండు.
నాయినా, లోపల ఏమున్నదే?
హవాయి చెప్పు, అన్న. ఎడమకాలుది.

మర్నాడు నైట్ షిఫ్టు.
కొమురయ్య కర్రతోటి కప్పును తట్టి, చెవొగ్గి విని,
వెనక్కి మర్రి లైటు నా మొఖం మీద కొట్టిండు.
ఎట్లున్నవ్‌రా ఓదెలూ, సెలవు బాగ గడిచిందా?
చెయ్యి దానంతట అదే లేసింది.
సున్న ఏందిరా, అన్నడు. ఏం లేదంటవా?
బొటనవేలు లేపుదామని ఆగిన.
షిఫ్టు దిగనీకి ఇంక ఆరు గంటలున్నది.